ఎదురు కొస

మునెమ్మ రెండు చేతులూ మోచేతుల దాకా తంగేడు నీళ్ళలో ఉన్నాయి. తొట్టి అడుగున నానుతున్న తోలును బొటనవేళ్ళతో నొక్కి చూస్తోంది. పొట్ట దగ్గర మెత్తబడింది. మెడ దగ్గర ఇంకా బిరుసు పోలేదు. అంచున చిన్న ముక్క కోసి వెలుతురుకు ఎత్తి, కోసిన చోట రంగు చూసింది. తంగేడు చెక్క ఎరుపు రెండు వైపుల నుంచీ లోపలికి దిగింది గాని నడుమ సన్నని తెల్ల గీత మిగిలే ఉంది. ఆ గీత పోయేదాకా అది తోలు కాదు, చచ్చిన ఎద్దు చర్మమే అనేవాడు పెంచలయ్య. ఆమె తోలును తిరగేసి, మీద రాయి పెట్టి లేచింది. చేతులు కడుక్కోలేదు. కడుక్కోవడానికి నీళ్ళు దండగ.

పెంచలయ్య ఆమె మొగుడు. పోయిన చలికాలంలో జ్వరం తగిలి, మంచం మీద నాలుగు నాళ్ళు మూలిగి పోయాడు. పుట్టిన బిడ్డలిద్దరూ నడక రాకముందే పోయారు. ముగ్గురినీ ప్రార్థన గుడి వెనక ఒకే వరసలో పూడ్చారు.

పాకాలకు కోసెడు దూరంలో ఉన్న ఆ పల్లె తోలు పని చేసేవాళ్ళది. మునెమ్మ చిన్నప్పుడే పల్లె పల్లెంతా క్రైస్తవంలో చేరింది. యుద్ధం అయిపోయిన మరుసటేడు వానలు లేవు. ఆ పై ఏడూ లేవు. గొడ్లు చచ్చినప్పుడు కొన్నాళ్ళు తోలు పని ఎక్కువే ఉన్నింది. తర్వాత చావడానికి గొడ్లు కూడా లేవు. ఒక్కో ఇల్లే వాకిలికి ముళ్ళకంప అడ్డం కట్టుకొని, పాకాలలో రైలెక్కి కోలారు బంగారు గనులకు పోయింది. అందరి కన్నా చివర పోయినవాడు ఆమె మరిది చెంగల్రాయుడు. పక్కనున్న నాయుళ్ళ ఊరి రైతు దామోదరం నాయుడి కపిల ఎద్దు ఒకటి చస్తే, దాని తోలు ఒలిచి వదినకు ఇచ్చి, మూట ఎత్తుకున్నాడు.

వాడి పెళ్ళాం వసంతమ్మ రెండడుగులు ముందుకు పోయి వెనక్కి వచ్చింది.

"అక్కా, ఈడ ఎవురుండారని ఉంటావు? కాకులు గూడా కోలారు బండెక్కినాయి."

"కాకులకు టిక్కెట్టు అడగరు గదమ్మే, ఎక్కుతాయి."

"నవ్వులాట గాదక్కా. గనుల కాడ బియ్యం ఇస్తారంట. బావ ఉన్నింటే నేను అడిగేదాన్ని గాదు."

"మీ బావ ఈడనే గదా పడుకోని ఉండేది." మునెమ్మ కొంగుకు ముడేసిన ఇనప తాళంచెవిని పట్టుకొని చూపింది. "ఇది గుడిది. కోలారుకు తీసకపోయి దీంతో ఏం తెరిచేది?"

వసంతమ్మ ఏడ్చింది. మునెమ్మ ఏడవలేదు. వాళ్ళు దిబ్బ దాటి కనపడకుండా పోయేదాకా నిలబడి, ఇంటికి వచ్చి, తోలుకు సున్నం పూసింది. సున్నానికి వెంట్రుకలు ఊడాక, గీకి, కడిగి, తంగేడు నీళ్ళలో వేసింది. ఆ పని ఆమెదే. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ తోలు నానబెట్టడం ఆమె పని, కుట్టడం పెంచలయ్య పని. ఆడవాళ్ళు ఆరె పట్టరు. తోలుకు రంధ్రం పొడిచే ఆ ఇనప మొన మగవాడి చేతిలోనే ఉండాలని పల్లె కట్టుబాటు.

ఇప్పుడు పల్లె లేదు. కట్టుబాటు మాత్రం మిగిలింది.

*

కపిల బావికి తోలు తొండమే ప్రాణం. ఎద్దులు వాలుదారిలో దిగుతుంటే మోకు లాగి ఇనప బాన పైకొస్తుంది. బాన అడుగుకు కట్టిన తొండం అంతదాకా సన్నతాడుతో మడిచి పైకెత్తి ఉంటుంది. గట్టు మీదికి రాగానే దాని నోరు జారి కాలవలో పడుతుంది. బానెడు నీళ్ళూ తొండంలోంచే పోతాయి. తొండం చిరిగితే ఎద్దుల కష్టమంతా బావిలోకే తిరిగి పడిపోతుంది.

దామోదరం నాయుడి తొండం చిరిగిపోయింది. బావిలో నీళ్ళు అడుక్కు పోయాయి. ఆ నీళ్ళతోనే ఒక కయ్యలో రాగి నారు పోసుకున్నాడు. ఆ కయ్య ఎండితే ఆ ఏటికి గింజ లేదు. తొండం కుట్టిన ఇంటికి కళ్ళంలో గింజల వాటా, మేర, కొలిచేవాళ్ళు. అది కూలి కాదు, హక్కు. ఇల్లు కట్టుకున్న చోటు కూడా ఆ హక్కుతోనే వచ్చింది. కుట్టే చెయ్యి మారితే మేరా మారుతుంది, చోటూ మారుతుంది. ఇది మునెమ్మకు తెలుసు, నాయుడికీ తెలుసు.

ఆయన బావి గట్టున కూర్చొని, దూరంగా నిలబడ్డ మునెమ్మను చూశాడు.

"ఏమ్మే, తోలు ఉండాది సరే. కుట్టే చెయ్యి యాడుండాది?"

"ఈడ ఉండాది సామీ," అని మునెమ్మ ఎర్రబడ్డ రెండు చేతులూ ముందుకు చాపింది.

కపిల తోలే ఏకాంబరం పక్కున నవ్వాడు. "ఆడది ఆరె పడితే బాయి ఎండిపోతాదంట మునక్కా!"

"బాయి ఎండనే ఎండె గదప్పా. ఇంక నాకేం బయం?"

నాయుడు నవ్వు ఆపుకున్నాడు. "నోరు బాగానే కుడతాదిలే. తొండం సంగతి సూద్దాం. ఎగువపల్లె మునస్వామి ఉండాడు, నేను పిలిస్తే రేపే వస్తాడు. పెంచలయ్య నా ఇంటి మనిషి మాదిరి ఉన్నె. ఆ మొకం సూసి అడుగుతా ఉండా. నిజంగా కుడతావా?"

"ఆయన కుట్టేటప్పుడు నేను ఎదురుగా కూసోని ఉంటి గదా సామీ. ఒక్క కుట్టు గూడా నేను సూడంది లేదు."

ఆ మాటలో అబద్ధం లేదు. తప్పు కూడా ఆ మాటలోనే ఉంది. అది అప్పుడు ఆమెకు తెలియదు.

*

తెల్ల గీత పోయాక తోలు తీసి, నీడన ఆరబెట్టి, ఆముదం పట్టించి, కాలితో తొక్కి మెత్తబరిచింది. ఇంటి ముందు కానుగ చెట్టు కింద ఒక చదును రాయి ఉంది. దాని మీద పెంచలయ్య కూర్చునేవాడు. ఎదురుగా నేల మీద ఆమె. నడుమ తోలు. అతను ఆరెతో పొడిచి, మేకతోలు వారు దారంలా దూర్చి ఇస్తే, ఆమె అవతలి నుంచి బిగలాగేది. మాటలు తక్కువ. అతను 'ఊఁ' అంటే ఆమె లాగేది, 'ఊఁ' అంటే వదిలేది. కాపురమంతా ఆ రెండు ఊఁల మధ్య జరిగింది.

మునెమ్మ ఆ రాయి మీద కూర్చుంది. ఆ రాయి మీది నుంచి చూస్తే తను కూర్చునే చోటు కనిపిస్తుందని ఆమెకు ఎన్నడూ తోచలేదు. అక్కడి మట్టి నున్నగా, కొద్దిగా గుంటపడి ఉంది. అందులో ఎండుటాకు ఒకటి పడి ఉంది.

తొండానికి రెండు ముక్కలు. మందమైన మెడ తోలు బాన వైపుకు, పలచని పొట్ట తోలు నోటి వైపుకు. ఒక్కో ముక్కనూ గొట్టంలా చుట్టి నిలువు కుట్టు వేయాలి. తర్వాత ఒక గొట్టం కొసను రెండో దాంట్లోకి దూర్చి, చుట్టూ ఉంగరం కుట్టు వేయాలి. తొండం బతుకంతా ఆ ఉంగరం మీదే.

ఆరె మొదటిసారి చేతిలో పట్టుకున్నప్పుడు పిడి ఆమె అరచేతికి పెద్దదయింది. పెంచలయ్య బొటనవేలు అరగదీసిన పల్లంలో ఆమె బొటనవేలు ఊరికే తిరిగింది. పాతగుడ్డ చుట్టి బిగించుకుంది. పొడిచింది. వారు దూర్చింది. ఎదుటి నుంచి లాగేవాళ్ళు లేరు గనక వారు కొసను గుంజకు కట్టి, తనే వెనక్కి వాలి లాగింది. ఒక కుట్టుకు లేవడం, ఒక కుట్టుకు కూర్చోవడం. 'ఊఁ' అని తనకు తెలియకుండానే అన్నది. చెట్టు మీద గోరింక ఒకటి తల తిప్పి చూసింది.

*

ఆదివారం పొద్దున గుడి తాళం తీసి ఊడ్చింది. మట్టి గోడలు, బోదగడ్డి కప్పు. వాకిలి దూలానికి పట్టాల ముక్క ఒకటి వేలాడుతుంది. పాకాలలో రైలు పట్టాలు మార్చినప్పుడు పెంచలయ్య భుజాన మోసుకొచ్చిన ముక్క అది. ఇనప కడ్డీతో కొడితే నాయుళ్ళ ఊరి దాకా వినపడుతుంది. వినేవాళ్ళు లేకపోయినా ఆమె కొట్టింది.

గుడిలో ఎడమ పక్క మగవాళ్ళు, కుడి పక్క ఆడవాళ్ళు ఎదురెదురుగా కూర్చోవడం ఆ పల్లె అలవాటు. కీర్తన ఒక వరుస మగవాళ్ళు ఎత్తుకుంటే, జవాబు వరుస ఆడవాళ్ళు అందుకోవాలి. మునెమ్మ కుడి గోడ పక్కన తన చోట చాప పరుచుకొని కూర్చుంది. మగవాళ్ళ వరుసకు పట్టేంత సేపు ఊరుకుంది. పిచ్చుక ఒకటి కప్పులో గడ్డి లాగుతోంది. తర్వాత తన వరుస పాడింది. మళ్ళీ ఊరుకుంది. మళ్ళీ పాడింది. కీర్తన అంతా అలాగే సగం పాటగా, సగం నిశ్శబ్దంగా ముగిసింది. పల్లె ఖాళీ అయినప్పటి నుంచీ ఇదే వరస.

ఆ రోజు ఉపదేశి రాజారత్నం వచ్చే రోజు. నెలకొకసారి చిత్తూరు నుంచి సైకిలు మీద పల్లెలన్నీ తిరిగేవాడు. పాట అయిపోతుండగా వచ్చి, ముందర నిలబడి, చెమట తుడుచుకున్నాడు. ఆమె బాప్తిస్మం పేరుతో పిలిచేది ఆయనొక్కడే.

"సమాధానమ్మా, ఈరోజు మీరొక్కరే. నేనొక్కణ్ణి. ప్రసంగం చెప్పమంటారా, వద్దంటారా?"

"సెప్పండయ్యా. గంట కొట్టేసినా గదా."

ఆయన నవ్వి, యజమాని ఇంటి నుంచి వెళ్ళగొట్టబడిన ఒక దాసి సంగతి చెప్పాడు. బిడ్డను వెంటబెట్టుకొని, నీళ్ళ తిత్తి భుజాన వేసుకొని ఎడారిలో దారి తప్పింది. తిత్తిలో నీళ్ళయిపోయాయి. బిడ్డ చావు చూడలేక దూరంగా పోయి కూర్చొని ఏడ్చింది. అప్పుడు దేవుడు ఆమె కళ్ళు తెరిచాడు. ఎదురుగా బావి ఉంది.

మునెమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకొని విన్నది. "ఆ తిత్తి ఎవురు కుట్టింది అయ్యా?"

"అది రాయలేదమ్మా."

"మంచి తిత్తే. నీళ్ళయిపోయినాయి గాని కారిపోలా. కుట్టినోళ్ళు ఎవురో పని తెలిసినోళ్ళు."

రాజారత్నం చాలాసేపు నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. "నేను ఈ కథ ఎన్ని ఊళ్ళలో చెప్పానో. తిత్తి గురించి ఎవరూ అడగలేదు. ఒకటి మాత్రం చూడండి. దేవుడు ఆమె కోసం కొత్త బావి తవ్వలేదు. ఉన్న బావే. ఆమెకు కనపడలేదు, అంతే."

పోయేటప్పుడు సైకిలు టైరు లోపల వేసుకోమని మునెమ్మ ఆయనకు ఒక తోలు పట్టీ కోసి ఇచ్చింది. ముళ్ళ దారి. ఆయన దిబ్బ దాటాక మళ్ళీ ఎవరూ లేరు.

*

శుక్రవారం పొద్దున తొండాన్ని భుజాన వేసుకొని బావి దగ్గరికి పోయింది. ఏకాంబరం బానకు కట్టాడు. ఎద్దులు దిగాయి. బాన పైకి వచ్చింది. నోరు కాలవలో పడగానే నీళ్ళు దూకాయి. వాటితోపాటే నడుమ ఉంగరం కుట్టు నుంచి చుట్టూ సన్నని ధారలు చిమ్మాయి. ఏకాంబరం మొహం తడిసింది, ఎద్దుల వీపు తడిసింది. కాలవలోకి పోయింది సగమే.

"మునక్కా, తొండమా ఇది, జల్లెడా? ఎద్దులకు తలంటు పోసినావే!"

నాయుడు నవ్వలేదు. లేచి వచ్చి, చిమ్ముతున్న నీళ్ళు తిరిగి బావిలో పడే చప్పుడు విన్నాడు.

"సాలు, ఆపరా," అన్నాడు ఏకాంబరంతో. తర్వాత మునెమ్మ వైపు చూడకుండా, "సోమారం సంతలో మునస్వామికి సెప్పేసి వస్తా. మంగళారం పొద్దన్నే వస్తాడు. నీ మీద కోపం లేదుమ్మే. నారు ఎండతా ఉండాది. దాన్ని సూస్తే నాకు నిదర పట్టలా," అన్నాడు.

"మంగళారం లోపల సరి చేసి తెస్తే, సామీ?"

"తెస్తే సూస్తా. తెస్తావని నేను కూసోను."

శనివారమంతా ఆమె ఆ ఉంగరంతోనే గడిపింది. వారు ఎండి వదులైందేమో అనుకొని నానబెట్టి బిగించింది. రంధ్రాలు పెద్దవయ్యాయేమో అనుకొని మైనం, ఆముదం కలిపి నింపింది. పెంచలయ్య చేతులు కళ్ళ ముందు పెట్టుకొని, అతను చేసినట్టే చేశానా లేదా అని మొదటి నుంచీ తలుచుకుంది. ఎదుటి ముక్కను మోకాలి దగ్గరి ముక్కలోకి దూర్చడం. సరే. కుడి నుంచి ఎడమకు పొడవడం. సరే. ఎక్కడా తప్పు లేదు. ఒక చెంబు నీళ్ళు పోసి చూసింది. ఉంగరం దగ్గర కన్నీళ్ళు కారినట్టు కారింది.

సాయంత్రం గుడి వెనక్కి పోయి సమాధుల పక్కన కూర్చుంది. "తండ్రీ," అన్నది. ఆ తర్వాత ఏమడగాలో తెలియలేదు. వాన అడగాలా, మనుషుల్ని అడగాలా, పెంచలయ్యను అడగాలా? "తండ్రీ, నేనుండా. నువ్వుండావని తెలుసు. ఇంకెవురూ లేరు," అని లేచింది. ఇంటికి వచ్చి రెండు చీరలు, సంగటి కుండ, ఆరె మూట కట్టింది. సోమవారం పాకాలలో కోలారు రైలెక్కాలనుకుంది.

*

ఆదివారం గంట కొట్టింది. ఇదే చివరి ప్రార్థన అనుకుంది గనక గుడి రెండుసార్లు ఊడ్చింది. మగవాళ్ళ వైపు కూడా చాప పరిచింది. తన చోట కూర్చొని, మొదటి వరుసకు పట్టే సేపు ఊరుకోబోయి, ఆగింది. ఈ ఒక్క పూటైనా పాట సగంగా వదిలేసి పోకూడదనిపించింది. మగవాళ్ళ వరుస ఆమె ఎన్నడూ పాడలేదు. పాడవద్దని ఎవరూ అనలేదు. అది వాళ్ళది, అంతే. నోరు తెరిచింది. వచ్చింది తన జవాబు వరుస. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అదే.

లేచి ఎడమ వైపుకు పోయి, పెంచలయ్య కూర్చునే చోట గోడకు ఆనుకొని కూర్చుంది. అక్కడైతే వస్తుందనుకుంది. అక్కడ అసలు ఏమీ రాలేదు. ఎదురుగా ఖాళీ చాప కనపడుతోంది. మాటలు, రాగం అన్నీ తలకిందులయ్యాయి. ఏది ముందో ఏది వెనకో తెలియలేదు. లేచి వచ్చి తన చాప మీద కూలబడింది.

కళ్ళు మూసుకుంది. అప్పుడు ఎదుటి గోడ వైపు నుంచి పెంచలయ్య గొంతు జ్ఞాపకం వచ్చింది. తోలు గీకినట్టు గరగరలాడే గొంతు. రెండో మాట దగ్గర ఎప్పుడూ కొంచెం ముందే అందుకునేవాడు, పక్కనున్న చెంగల్రాయుడు మోచేత్తో పొడిచేవాడు. ఆ గొంతు వెంట ఆమె మెల్లగా నడిచింది. అతని వరుస పాడింది. తర్వాత తన వరుస పాడింది. మళ్ళీ అతనిది, మళ్ళీ తనది. ఎక్కడా తడబడలేదు. చివరి వరుస అయిపోయేసరికి మొహం తడిసి ఉంది. గుడిలో మొదటిసారి పాట మొత్తం ఆమె గొంతుతో వినపడింది.

కళ్ళు తెరిచింది. చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఎదుటి చోటు ఖాళీగా ఉంది.

తను ఎప్పుడూ విన్నది ఇక్కడి నుంచి. చూసింది కూడా ఇక్కడి నుంచే.

అప్పుడు కానుగ చెట్టు కింద పెంచలయ్య చేతులు మళ్ళీ కనపడ్డాయి. ఈసారి తను కూర్చునే గుంట నుంచి కనపడ్డాయి. బాన వైపు ముక్క అతని మోకాలి దగ్గర. నోటి వైపు ముక్క తన మోకాలి దగ్గర. అతను తన దగ్గరి ముక్కను ముందుకు తోసేవాడు. అది వచ్చి ఆమె మోకాలి దగ్గరి ముక్కలోకి దూరేది. బాన ముక్క లోపల, నోటి ముక్క పైన. నీళ్ళు పారే వైపుకే అంచు తిరిగి ఉండేది. నీళ్ళు అంచును రాసుకుంటూ జారిపోయేవి. ఆమె అతని రాయి మీద కూర్చొని, తన కళ్ళు చూసినట్టు చేసింది. ఎదుటనున్న నోటి ముక్కను మోకాలి దగ్గరి బాన ముక్కలోకి లాక్కుంది. లోపలి అంచు పారే నీళ్ళకు ఎదురు తిరిగింది. నీళ్ళు సరాసరి కుట్టులోకే దూరాయి.

ఇంత చిన్న సంగతి. ఇంతసేపూ ఎదుటే ఉంది.

"ఉన్న బాయే," అన్నది పైకే.

గబగబా లేచింది గాని వాకిట్లో ఆగిపోయింది. ఆదివారం. ఆదివారం పెంచలయ్య ఆరె ముట్టేవాడు కాడు. ఒకసారి పంట ఎండుతోందని నాయుడు మనిషిని పంపి తిట్టించినా ముట్టలేదు. పొద్దు ఇంకా నెత్తి మీదికి రాలేదు. ఇప్పుడు మొదలుపెడితే మాపటికి అయిపోతుంది. రేపు నాయుడు సంతకు పోకముందే చూపించవచ్చు. ఆమె చాలాసేపు గడప మీద నిలబడింది. తర్వాత తాళం వేసి ఇంటికి పోయింది. ఆరె తియ్యలేదు. తొండాన్ని మాత్రం తొట్టిలో వేసి, పాత కుట్లు నానడానికి వదిలింది. నానడం నీళ్ళ పని, తన పని కాదు అనుకుంది. దేవుడికి ఆ మాట నవ్వు తెప్పించి ఉంటే తెప్పించనీ అని కూడా అనుకుంది. మూట విప్పి సంగటి కుండ పొయ్యి మీద పెట్టింది.

*

సోమవారం తెల్లవారగానే కానుగ చెట్టు కిందికి వచ్చింది. రాయి మీద కూర్చోలేదు. బాన వైపు ముక్కను రాయి మీద పరిచి, కదలకుండా పెద్ద గుండు పెట్టింది. నోటి వైపు ముక్క తన వైపు. నేల మీద, తన గుంటలో, కాళ్ళు మడుచుకొని కూర్చుంది.

తోలు కోసే రంపెతో పాత ఉంగరం కోసేసింది. చిల్లులు పడిన అంచు బెత్తెడు తీసేసి కొత్త అంచు పెట్టింది. ఎదుటి ముక్క కొసను లాగి తన ముక్కలోకి దూర్చింది. అది చెప్పినట్టు విన్నది. ఆరె మాత్రం ఎదురు చెయ్యి చాపి పొడవాల్సి వచ్చింది. ఇది పెంచలయ్య చేసిన పద్ధతి కాదు, ఆమె రాయి మీది నుంచి చేసిన పద్ధతీ కాదు. నడుమ ఎక్కడో కొత్తది. నాలుగైదు కుట్లు వంకర పోయాయి. ఊడదీసి మళ్ళీ వేసింది. లాగేటప్పుడు మాత్రం చేతులకు ఏదీ కొత్త కాలేదు. జీవితమంతా లాగిన వైపే లాగింది.

దూరంగా దారిలో నాయుడి బండి సంతకు పోతున్న చప్పుడు విన్నది. తలెత్తలేదు.

పొద్దు వాలేసరికి ఉంగరం పూర్తయింది. ఇప్పుడు పరీక్ష. నీళ్ళు నింపి వేలాడదీయడానికి గట్టి దూలం పల్లెలో ఒకటే మిగిలింది. గుడి వాకిట్లో పట్టాల ముక్కను దించి, ఆ కొక్కేనికి తొండాన్ని కట్టింది, బాన కొస పైకి, నోరు మడిచి ముడేసి కిందికి. ఇంట్లో తాగే నీళ్ళు ఒక కడవ ఉన్నాయి. మళ్ళీ నీళ్ళంటే నాయుళ్ళ ఊరి చివరికి పోయి, ఎవరైనా చేది పోసేదాకా నిలబడాలి. కడవెత్తి, ఉన్న నీళ్ళన్నీ తొండంలో పోసింది.

తొండం బరువెక్కి, నిండు చూలాలిలా కిందికి సాగింది. ఉంగరం దగ్గర తోలు బిగుసుకుంది. మునెమ్మ దాని కింద నేల మీద దుమ్మును చేత్తో చదును చేసి, గడప పక్కన కూర్చుంది. ఊరికే కూర్చుంది. ఆ కూర్చోవడంలో నిన్నమొన్నటి భయం లేదు. ఎండ గడప దిగి, వాకిలి దాటి, సమాధుల మీదికి జరిగింది. దుమ్ము పొడిగానే ఉంది.

ముడి విప్పి నీళ్ళను కడవలోకే తిరిగి పట్టింది. తంగేడు రంగు తిరిగాయి. దోసిలి పట్టి తాగింది. వగరు. ఇంకో దోసిలి తాగింది.

*

మంగళవారం ఆమె పోయేసరికి నాయుడు గట్టు మీద పళ్ళపుల్ల నములుతున్నాడు. ఏకాంబరం ఎద్దులకు కాడి కడుతున్నాడు. మునస్వామి ఇంకా రాలేదు.

"మళ్ళా వచ్చిందిరా జల్లెడ," అన్నాడు ఏకాంబరం.

"ఎద్దులకు ఈ పొద్దు తలంటు లేదులేప్పా. నువ్వు మాత్రం పోసుకోవచ్చు, వాసన వస్తా ఉండావు."

నాయుడు తొండం అందుకొని బాన వైపు నుంచి చెయ్యి లోపలికి పెట్టాడు. ఉంగరం దగ్గర వేలు తిప్పి, ఆగి, మళ్ళీ తిప్పాడు.

"అంచు అటు తిప్పినావే?"

"నేను కూసునే తావు మార్చినా సామీ."

ఆయనకు అర్థం కాలేదు. "నీళ్ళు పోసి సూసినావా?"

"గుడి దూలానికి కట్టి సూసినా. నేల తడవలా."

"మీ పల్లెలో నీళ్ళు యాడివి?"

"తాగేటియే సామీ."

నాయుడు పళ్ళపుల్ల ఉమ్మేశాడు. "ఆ కొస పట్టుకోమ్మే," అని, తను బాన కొస పట్టుకొని, ఎద్దుల తొట్టి నుంచి ఏకాంబరం చేత కడవెడు నీళ్ళు పోయించాడు. తొండం ఇద్దరి నడుమా ఉయ్యాలలా వేలాడింది. ఒక కొస నాయుడిది, ఒక కొస మునెమ్మది. ఎదురెదురుగా నిలబడి ముగ్గురూ ఉంగరం వైపే చూశారు. తోలు చెమర్చింది. చుక్క రాలలేదు.

"ఊఁ," అన్నాడు నాయుడు.

ఆ మాటకు మునెమ్మ చేతులు వాటంతటవే బిగిశాయి.

"ఏకాంబరం, దారిలో మునస్వామి ఎదురైతే కూడు తినేసి పొమ్మను. ఈడ పని లేదని సెప్పు." నీళ్ళు కాలవలోకి వంపి, ఆయన తన కొసను బానకు గట్టిగా కట్టాడు. తర్వాత సన్నతాడు విసిరాడు. మునెమ్మ పట్టుకున్న నోటికి ఏకాంబరం వచ్చి ఆ తాడు ముడేశాడు. లాగి చూశాడు. ఈసారి ఎకసెక్కం ఆడలేదు.

"వదులు మునక్కా," అన్నాడు.

ఎద్దులు వెనక్కి నడిచాయి. బాన బావిలోకి దిగడం మొదలుపెట్టింది. మునెమ్మ కొస వదిలింది.